బాపు ఆడిన బేరం

మా బాపు బేరమాడని చోటు ఒక్కటే, చర్చి. ఆదివారం కానుక సంచి తన వరుసలోకి రాగానే జేబులో చెయ్యి పెట్టి, చేతికొచ్చిన నోటు ఎంతదో కూడా చూడకుండా అందులో వేసేస్తాడు. అక్కణ్ణుంచి బయట కాలు పెడితే మళ్ళీ మామూలు మనిషే. కొత్తిమీర కట్ట దగ్గర బేరం, క్షవరం దగ్గర బేరం, చెప్పు తెగితే కుట్టు కుట్టుకూ బేరం. చిన్నప్పుడు పంటి నొప్పి అని ఏడిస్తే నన్ను మొయినాబాద్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, "రెండు పళ్ళు పీకితే ఎంత తగ్గిస్తవ్ సార్?" అని అడిగాడు. నాకు నొప్పి ఒక్క పంటికే.

ముడిమ్యాలలో మాకు ఎకరం లోపు గులాబీ తోట ఉంది. పూలు అమ్మేవాడికి బేరం చేతకాకపోతే తోట మూసుకోవాల్సిందేనని ఆయన వాదన. తగ్గించిన ప్రతి రూపాయీ సంపాదించిన రూపాయితో సమానం ఆయనకు. అలాంటి మనిషి జీవితంలో ఆడిన బేరాలన్నిట్లోకీ పెద్దది నా కోసమే ఆడాడు. ఆరేళ్ళ తర్వాత అది తిరిగొచ్చి నా నెత్తినే కూర్చుంది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు ఇవ్వడం నా పని. నా చెయ్యి తేలిక అని పేరుంది, నోరు మాత్రం తేలిక కాదని కూడా పేరుంది. సూది చూడగానే కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకునే మీసాల మగవాళ్ళను వాళ్ళ పెళ్ళాల ముందే కసురుతాను. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జీతానికి చేస్తూ, ఎప్పటికైనా నాదంటూ ఒక ల్యాబ్ ఉండాలని కలగంటూ ఉండేదాన్ని.

ఆ కల నిజమయ్యే రోజు అనుకోకుండా వచ్చింది. చేవెళ్ళ బస్టాండుకు దగ్గర్లో చిన్న ల్యాబ్ నడిపే పెద్దాయన నాకు ఈ పని నేర్పిన గురువు. మోకాళ్ళు అరిగి ఇక నిలబడలేనని నన్ను పిలిపించాడు.

"బయటోళ్ళు అడుగుతున్నరు బిడ్డా. కానీ నువ్వు తీసుకుంటే నాకు ఖుషి. రెండు నెలలు ఆగుత. ఆ మీద నాతోని కాదు."

మెషిన్లు, ఫ్రిజ్, కుర్చీలు, పేరుపడ్డ ఆ గది, అన్నీ కలిపి ఐదు లక్షలు. మా దగ్గర కూడబెట్టింది లక్షన్నర. మా ఆయన దొంతన్‌పల్లి క్యాంపస్‌లో ఎలక్ట్రీషియన్. "వైరింగ్ నేను ఫ్రీగ చేస్త" అని తన వంతు ప్రకటించేశాడు. మిగతాదానికి చేవెళ్ళలోనే ఒక బ్యాంకులో లోన్‌కు అప్లికేషన్ పెట్టాను.

వారం తిరగ్గానే మేనేజరు పిలిచింది. నా ఈడుదే, వేరే జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, నా పాత అప్పుల రిపోర్టు చూపించింది. రిపోర్టులు చదవడం నా వృత్తి కదా, ఎర్ర రంగు ఎక్కడుంటే నా కళ్ళు ముందు అక్కడికే పోతాయి. ఎంతోమందికి వాళ్ళ రిపోర్టులు చేతికిచ్చి "ఏం కాదు, డాక్టరుకు చూపించండి" అని చెప్పిన దాన్ని, ఆ రోజు నా రిపోర్టులో ఒక ఎర్ర గడి దగ్గరే ఆగిపోయాను.

ఆ ఎర్ర గడి వెనక కథ చెప్పాలంటే నేను ఉద్యోగంలో చేరిన కొత్త రోజులకు వెళ్ళాలి.

అప్పుడు గండిపేటలో, గేట్లున్న పెద్ద కాలనీ పక్కన ఒక క్లినిక్‌లో చేసేదాన్ని. అక్కడికి వచ్చేవాళ్ళ చెప్పులు కూడా నా జీతం కంటే ఖరీదు. ఒకరోజు టై కట్టుకున్న అబ్బాయి వచ్చి క్రెడిట్ కార్డు ఇప్పిస్తానన్నాడు. సంతకం పెట్టాను. మొదటి నెల ఒక ఫోను, రెండో నెల మా అమ్మకు (నేను అవ్వ అంటాను) మిక్సీ, ఆ తర్వాత డ్రెస్సులు, స్నేహితురాళ్ళకు బిర్యానీలు. బిల్లులో కింద చిన్న అంకె ఒకటి ఉంటుంది, ఈ నెలకు ఇంత కడితే చాలు అని. ఎంత మంచివాళ్ళో అనుకుని అంతే కట్టేదాన్ని. ఇంతలో క్లినిక్ మూతపడింది. జీతం ఆగింది, ఫోన్లు మొదలయ్యాయి. ఆ ఫోన్ల బాధ పడలేక సిమ్ముకార్డు తీసి గండిపేట కట్ట మీద నిలబడి నీళ్ళలోకి విసిరేశాను. అప్పు కూడా దానితో పాటే మునిగిపోతుందని నమ్మిన తెలివైనదాన్ని నేను.

అప్పు మునగలేదు. బైకు మీద ఇద్దరు వసూలు మనుషుల రూపంలో ముడిమ్యాలలో మా ఇంటి ముందు దిగింది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర బాకీ తీర్చాలంటే ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెడతారు. ముందు అసలు ఎంతో తేలుస్తారు. తర్వాత వడ్డీ మీద బేరం. ఎంత వడ్డీ కోయిస్తే ఆ పెద్దమనుషులకు అంత గౌరవం. ఒప్పుకున్న డబ్బు చేతులు మారగానే అప్పుపత్రం అందరి ముందూ చింపేస్తారు, చాయ్ తాగుతారు. ఆ తర్వాత ఆ బాకీ ఊసు ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాడిదే తప్పు.

బాపుకు తెలిసిన పద్ధతి అదొక్కటే. తిడతామనో, తిట్టించుకుంటామనో సిద్ధపడి వచ్చిన ఆ ఇద్దరికీ మంచాలు వాల్చి చాయ్ ఇప్పించాడు. చర్చి పెద్ద ఒకాయన్ని, పక్కింటి పెద్దాయన్ని పిలిపించాడు. నేను తలుపు వెనక నిలబడి సిగ్గుతో చచ్చిపోతున్నాను.

"టోటల్ తొంభై మూడు వేలు, పెద్దాయనా" అన్నాడు వచ్చినవాళ్ళలో ఒకడు.

"టోటల్ నేనడగలే. నా బిడ్డ వాడుకున్నది ఎంత?"

వాడు ఫోన్‌లో వెతికి నలభై ఆరు అన్నాడు.

"మరి తొంభై మూడు ఎట్లయింది? పిల్లల్ని పెట్టిందా?"

పెద్దమనుషులు నవ్వారు. ఆ వచ్చినవాళ్ళూ నవ్వారు. అంతే, బేరం బాపు చేతికి వచ్చేసింది. వాడు బయటికి వెళ్ళి ఆఫీసుకు ఫోన్ చేయడం, లోపలికి వచ్చి ఇంకొంచెం తగ్గించడం. మూడుసార్లు చాయ్, మధ్యలో అవ్వ పప్పుచారుతో అన్నం. చివరికి యాభై రెండు వేల దగ్గర తెగింది. నాలుగు రోజుల తర్వాత గులాబీల డబ్బు, బాపు దాచుకున్న డబ్బు కలిపి కట్టాడు. వాళ్ళు రసీదు, బ్యాంకు లెటరు ఇచ్చారు. బాపు వాటిని చూడనుకూడా లేదు.

"అప్పుపత్రం ఏది? చింపాలె గద."

"పత్రం లేదు పెద్దాయనా. అంత కార్డు మీదనే."

"అయితే ఆ కార్డే చింపు."

నేను తెచ్చిన కార్డును వసూలుకొచ్చినవాళ్ళలో ఒకడు గులాబీలు కోసే కత్తెరతో అడ్డంగా రెండు ముక్కలు చేశాడు. అందరూ చాయ్ తాగారు. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. "ఇగ ఆ ముచ్చట లేదు" అన్నాడు, అంతే. ఆ మాట కంటే నాలుగు తిట్లు తిన్నా బాగుండేది. తర్వాత రెండేళ్ళలో ఆ యాభై రెండు వేలు నెల నెలా ఆయనకు తిరిగిచ్చేశాను.

నన్ను ఏమీ అనలేదు కానీ ఊరందరికీ చెప్పుకున్నాడు. నా అప్పు గురించి కాదు, తన బేరం గురించి. "నలభై ఒక్క వేలు కోసిన" అని హోటల్లో చాయ్ తాగే ప్రతివాడికీ చెప్పాడు. ఏడాదికేడాదికి కథ పెరిగింది. ఇద్దరు మనుషులు నలుగురయ్యారు, బైకు జీపయింది. ఎవరికి కార్డు బాకీ తగిలినా బాపును సలహా అడగడం మొదలుపెట్టారు. అలాంటి రోజుల్లో ఆయన మీసం చూడాలి.

ఇప్పుడు మేనేజరు ఆ నలభై ఒక్క వేల మీదే వేలు పెట్టింది.

"తొంభై మూడుకి యాభై రెండే కట్టారు. మిగతాది ఆ బ్యాంకు వదులుకుంది. అదే ఇక్కడ రాసి ఉందండి."

"వదులుకున్నరు గద మేడం. ఇంక బాధేంది?"

"వదులుకున్నారు కానీ మర్చిపోరు. ఈమె మాకు పూర్తిగా కట్టలేదు అని, మీకు అప్పివ్వబోయే ప్రతి బ్యాంకుకీ కనబడుతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఊళ్ళో ఎంత తగ్గిస్తే అంత గౌరవం, ఇక్కడ ఎంత తగ్గిస్తే అంత మచ్చ. ఈ మాట ఆ రోజు చాయ్ తాగినప్పుడు ఒక్కడైనా చెప్పి ఏడవొచ్చు కదా! ఆ అమ్మాయి నా ముఖం చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఆ నలభై ఒకటీ కట్టేసి, బాకీ ఏమీ లేదని వాళ్ళ దగ్గర లెటర్ తెచ్చుకోండి. మీ క్రెడిట్ స్కోరు ఒక్కరోజులో పెరగదు. కానీ ఆ లెటరు, మీ జీతం కాగితాలు పెట్టి నేను పైకి రాస్తాను. ఇప్పుడైతే రాయడానికి నా చేతిలో ఏమీ లేదు."

డబ్బుకు నేను భయపడలేదు. చిట్టీ ఎత్తితే వస్తుంది. నా భయం బాపు. ఆరేళ్ళుగా ఆయన మీసానికి నూనె రాస్తున్న ఆ బేరమే నా దారికి అడ్డం పడిందని ఏ నోటితో చెప్పను? ల్యాబ్ నాకు కావాలి. బాపు హోటల్లో అలాగే తల ఎగరేసి కథ చెప్పుకోవడమూ కావాలి. రెండిట్లో ఏదీ వదులుకోను అనుకున్నాను. ఆయనకు తెలియకుండా కట్టేయాలని నిర్ణయించుకున్నాను.

కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫోన్ చేస్తే తల ప్రాణం తోకకొచ్చింది. పాత ఫోన్ నంబరు చెప్పమన్నారు, అది గండిపేట నీళ్ళలో ఉంది. మెయిల్ చెప్పమన్నారు, దాని పాస్‌వర్డ్ దేవుడికే తెలియాలి. "పోనీ కార్డు నంబరైనా చెప్పండి మేడం" అంది అవతలి గొంతు.

కార్డు నంబరు ప్రపంచంలో ఒకే ఒక్క చోట ఉంది, బాపు ట్రంకుపెట్టెలో. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం తీసి గూట్లో పెడతాడు. ఒక సోమవారం సెలవు పెట్టి ముడిమ్యాల వెళ్ళాను. సంగతంతా అవ్వకు చెప్పి బతిమాలాను. బాపు నీళ్ళు పోసుకోవడానికి వెళ్ళగానే అవ్వ, నేను దొంగల్లా పెట్టె తెరిచాం. పొలం పాస్‌బుక్కు, తాత బైబిలు, నా పదో తరగతి మార్కుల కాగితం, ఆ కింద బ్యాంకు లెటరు. దానిలో నంబరంతా చుక్కలే, చివరి నాలుగంకెలే కనబడుతున్నాయి. పక్కనే పూలు కట్టే దారంతో జాగ్రత్తగా చుట్టిన రెండు కార్డు ముక్కలు.

నేల మీద ముక్కలు కలిపి పెట్టి నంబరు రాసుకుంటున్నాం. కత్తెర సరిగ్గా ఒక అంకె మీదుగా పోయింది.

"మూడే అది" అంది అవ్వ కళ్ళద్దాలు సర్దుకుంటూ.

"అయిదు కాదూ?"

"ఎనిమిది" అన్నాడు బాపు వెనక నుంచి.

ఒంటికి తువ్వాల, చెవి దగ్గర సబ్బు నురగ. మర్చిపోయిన పంచె కోసమో ఏమో సగం స్నానంలో వచ్చాడు. హోటల్లో ఎన్నిసార్లు ఆ ముక్కలు చూపించాడో, నంబరంతా ఆయనకు నోటికి వచ్చు.

ఇక అబద్ధం ఆడలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నిలబడే విన్నాడు. నీళ్ళు కారి కాళ్ళ దగ్గర మడుగు కట్టింది.

"అంటే నేను కోసింది వడ్డీ కాదా? నీ ఇజ్జత్ కోసిన్నా బిడ్డా?"

"కాదు బాపూ. తప్పు నాది. కార్డు గీకింది నేను. నువ్వు లేకుంటే ఆ రోజు నేనేమయ్యేదాన్నో" అన్నాను. వినిపించుకున్నాడో లేదో. పెట్టెకున్న తాళంచెవి అలాగే వదిలేసి, బట్టలు తొడుక్కుని తోటలోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ఎక్కువ కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక అవ్వతో పోట్లాడాను.

మంగళవారం పొద్దున బాపు ఆదివారం బట్టల్లో తయారై కూర్చున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చంకలో గుడ్డసంచి.

"నడువు" అన్నాడు.

కార్డు ఇచ్చిన బ్యాంకుకు గండిపేట దగ్గర ఉన్న బ్రాంచికి వెళ్ళాం. ఆటోవాడు యాభై అడిగితే యాభై ఇచ్చాడు. నేను ఉలిక్కిపడి ఆయన వైపు చూశాను.

కౌంటరులో కుర్రాడు నంబరు కొట్టి చూసి నలభై ఒక్క వేలు అన్నాడు. నేను అప్పటికే ఎత్తి తెచ్చుకున్న చిట్టీ డబ్బు తీయబోతే బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు గీకింది ఆనాడే తీరింది. ఇది నేను కోసింది. నేనే కడత."

"బాపూ, ఊకో. కార్డు నాది!"

"బేరం నాది."

మా గొంతులకు వాచ్‌మన్ లోపలికి తొంగిచూశాడు. ఆ కుర్రాడు పాపం మా గొడవ డబ్బు చాలకేనేమో అనుకున్నాడు.

"పాత అకౌంటు కదా సార్. చార్జీల్లో ఒక పది వేలు తగ్గించమని పైకి రాయమంటారా? మీరు అడిగితే రాస్తాను."

నేను బాపు ముఖం చూశాను. ఆ మాట కోసం ఆయన ఎన్ని అంగళ్ళలో ఎన్ని గంటలు నిలబడ్డాడో నాకు తెలుసు. ఇక్కడ అడగకుండానే తగ్గిస్తామంటున్నారు. ఆయన మీసం ఒకసారి కదిలింది.

"వద్దు బిడ్డా. పూర్తిగ తీసుకో" అన్నాడు. సంచిలోంచి కట్ట తీసి, చర్చిలో కానుక వేసినట్టు చూడకుండా కౌంటరు మీద పెట్టాడు.

రసీదు ఇచ్చాక కూడా బాపు కదల్లేదు. "చింపేది ఏం లేదా?" అని అడిగాడు.

"చింపడం ఉండదండి. బాకీ లేదని మేమే కాగితం పంపిస్తాం."

"మా దిక్కు బాకీ తీరితే కాగితం చింపుతరు. మీ దిక్కు ఇస్తరు. కానీ జర జల్ది ఇయ్యి."

కాగితం మూడు వారాలకు వచ్చింది. మేనేజరు పైకి రాసింది, రెండుసార్లు తిరిగొస్తే మూడోసారి మళ్ళీ రాసింది. గురువుగారు గడువు దాటి ఇంకో పది రోజులు మోకాళ్ళు పట్టుకుని ఆగాడు. లోన్ వచ్చింది. ల్యాబ్ నాదయింది.

కానీ బాపు పోయాడు. మనిషి ఉన్నాడు, బేరమే పోయింది. అడిగినంత ఇచ్చి కూరగాయలు తెస్తున్నాడు. గులాబీలకు వ్యాపారి చెప్పిన ధరకు తల ఊపి వస్తున్నాడు. హోటల్లో కథ చెప్పమంటే చాయ్ తాగి లేచి వస్తున్నాడట. క్షవరం చేసేవాడు ఒకరోజు ఇరవై రూపాయలు పట్టుకుని ఇంటికే వచ్చాడు. "వదినా, అన్న అడిగినన్ని ఇచ్చిపోయిండు. పానం మంచిగున్నదా?" అని అడిగాడు. అవ్వ భయపడిపోయి నాకు ఫోన్ చేసింది. "మీ బాపుకు ఏమో అయింది బిడ్డా. రక్తం తీసి చూడు."

అలా ప్రారంభం రోజున నా ల్యాబ్‌లో మొదటి రక్తం బాపుది అయింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు, మా ఆయన పెట్టిన లైట్లన్నీ ఒకేసారి వెలిగాయి, చుట్టాలూ ముడిమ్యాల వాళ్ళూ బెంచీల మీద కూర్చున్నారు. బాపు కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు. సూది దిగుతున్నా ముఖం మారలేదు. గంటలో రిపోర్టు వచ్చింది. షుగరు కాస్త ఎక్కువ, మిగతా అంతా నిక్షేపం. ఆయన జబ్బు నా మెషిన్లకు అందేది కాదని నాకు తెలుసు. నాకు తెలిసిన మందు నేను వేశాను.

"వెయ్యి రూపాయలు" అన్నాను గట్టిగా, అందరికీ వినబడేలా.

బెంచీల మీద అందరూ నోళ్ళు తెరిచారు. కన్నతండ్రి దగ్గర డబ్బులడుగుతుందా అని మా మేనత్త ముక్కు మీద వేలేసుకుంది. బాపు జేబులో చెయ్యి పెట్టాడు. నోట్లు బయటికి వస్తున్నాయి. అడిగినంతా ఇచ్చేసేలా ఉన్నాడు.

అప్పుడు ఆయన చూపు గోడ మీద ధరల బోర్డుకు తగిలి ఆగింది. చెయ్యి జేబులోనే ఆగింది.

"ఈడ ఆరువందలని రాసున్నది గదా."

"అది మామూలోళ్ళకు. నీకు వెయ్యి."

"ఎందుకు? నా రక్తం ఏమన్న చిక్కగున్నదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాపు కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చున్నాడు. ఆ సర్దుకోవడం నాకు తెలుసు.

"పొద్దుగాల్నే బోణీ బేరం. నాతోనే మొదలు. మూడొందలు తీసుకో."

"మూడొందలకు సూది కూడ రాదు బాపూ."

"సూది నీది, రక్తం నాది. సగం సరుకు నేనే తెచ్చిన."

అరగంట పోట్లాడుకున్నాం. నేనూ ఆయన బిడ్డనే కదా, తేలిగ్గా దిగలేదు. మూడువందల యాభై దగ్గర తెగింది. అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వుతోంది. బాపు నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు, లేవలేదు.

"రసీదు రాయి. రెండొందల యాభై తగ్గించిన ముచ్చట దాంట్ల రాయకు. పూర్తిగ ముట్టినయి, బాకీ లేదు అని రాయి. రేపు నాకు గిట్ల ల్యాబ్ పెట్టుకునే పని పడితే?"

పూర్తిగా ముట్టినవి, బాకీ లేదు అని రాశాను. కింద సంతకం పెట్టి ఇచ్చాను. బాపు ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మా ఊరి హోటల్‌కు పోవడానికి బస్టాండు వైపు నడిచాడు.